ఇంజను నేర్పిన చెయ్యి

నాకు ఇంజను నేర్పిన ఉస్తాదు కొట్టే నేర్పినాడు. సైన్యంలో బండ్ల మెకానిక్కుగా చేరిన మొదటి ఏడాది అది. గేరుబాక్సు విప్పి మళ్లీ బిగించినాక బెంచీ మీద ఒక నట్టు మిగిలింది. ఎవరూ చూడకుండా జేబులో వేసుకోబోతుంటే ఆయన చూసినాడు. నా ఎడమచెయ్యి బెంచీ మీద పెట్టించి, రింగు పానాతో వేళ్ల కణుపుల మీద నాలుగు దెబ్బలు వేసినాడు. రెండు వేళ్లు ఈరోజుకీ పూర్తిగా చాచుకోవు. "ఈ నట్టు లేని లారీ కొండమీంచి పడితే ఇరవైమంది చస్తారు. నీ వేళ్లు పోతే ఎవరూ చావరు" అని హిందీలో అన్నాడు.

కొన్నేండ్ల తర్వాత, లోయలోకి పోయిన మా లారీ ఒకదాన్ని నేనే గొలుసులు కట్టి పైకి లాగించినాను. డ్రైవరు రొమ్ములో స్టీరింగు దిగబడి ఉండింది. వెనక కూర్చున్నవాళ్లను దుప్పట్లలో ఏరుకోవాల్సి వచ్చింది. చూస్తే స్టీరింగు రాడ్డుకు ఉండాల్సిన పిన్ను లేదు. ఎవడో మరిచినాడు. వానికి చిన్నప్పుడే ఎవరైనా నాలుగు తగిలించి ఉంటే వీళ్లు బతికేవాళ్లు అనుకున్నాను. ఆ మాట నాలో బాగా పాతుకుపోయింది.

తొంభైల చివర్లో సర్వీసు ముగించుకోని ఇంటికొచ్చినాను. మాది కుందుర్పి దిక్కు పల్లె. వానల్లేక చేన్లో శెనక్కాయ చెట్టు జానెడు కూడా లేయని కాలం. పదో తరగతో ఐటీఐనో చదివినోళ్లంతా బస్టాండులో నిలబడి ఉండేవాళ్లు. నేను అనంతపురం బయట మూతబడిన శెనక్కాయల మిల్లు ఒకటి తీసుకోని, పాత జీపు ఇంజను ఇనుప స్టాండు మీద ఎక్కించి, సైన్యంలో టెక్నికల్ ఉద్యోగాలకు పిల్లోళ్లను తయారుచేయడం మొదలుపెట్టినాను. పొద్దున్నే పరుగు, తర్వాత లెక్కలు, మధ్యాహ్నం ఇంజను.

గోడకు ఒక ఫ్యాను బెల్టు తగిలించి ఉండేది. పరుగులో వెనకబడితే పిక్కల మీద, పానా సైజు తప్పు చెబితే వీపు మీద. ఒకడు ఎండలో కళ్లు తిరిగి పడితే, నీళ్లు చల్లి లేపి, పడినందుకు ఇంకో రెండు వేసినాను. తండ్రులెవరూ అడ్డం రాలేదు. "కండ్లు ఇడ్సిపెట్టి యాడన్నా కొట్టు సామీ. వాడు యూనిఫారం ఏసుకుంటే సాలు" అని వాళ్లే చెప్పి పోయేవాళ్లు. సైన్యంలో చేరినవాళ్లు సెలవులకొచ్చి నా కాళ్లకు మొక్కేవాళ్లు. ఇంకేం కావాలి నాకు?

రెండువేల సంవత్సరం దాటినాక ధర్మవరం నుంచి ఒకడు వచ్చినాడు. తండ్రి కూలికి పట్టుచీరలు నేస్తాడు. పిల్లోడు సన్నగా, గోడకు కొట్టిన వంకీ కొయ్యలాగా ఉండేవాడు గాని వాని చెవి మాత్రం నేను ఇరవై ఏండ్లలో యాడా చూడలేదు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకోని, "రెండో సిలిండర్లో ట్యాపెట్టు లూజుండాది సార్" అనేవాడు. విప్పి చూస్తే అదే. వాన్ని చూస్తే నాకు గర్వం. అందుకే వాన్ని అందరికంటే ఎక్కువ కొట్టేవాన్ని.

సైన్యంలో చేర్చుకునే ర్యాలీకి ఇంకా నెలుందనగా ఒక మధ్యాహ్నం పిల్లోళ్లు ఇంజను చుట్టూ నిలబడినారు. నేను అవతలివానికి కార్బురేటరు చూపిస్తూ తల తిప్పకుండానే "స్టార్ట్ చెయ్" అన్నాను. ధర్మవరం పిల్లోడు తాళం తిప్పినాడు. ఇంకొకడు అప్పుడే బెల్టు బిగువు చూద్దామని చెయ్యి లోపల పెట్టినాడు. కెవ్వుమని కేక. ఫ్యాను రెక్క వాని ఉంగరం వేలు మొన ఎగరగొట్టింది. నెత్తురు నా మొహం మీద పడింది.

నేను ఆలోచించలేదు. అరచెయ్యి బార్లా తెరిచి ధర్మవరం పిల్లోని ఎడమ చెవి మీద కొట్టినాను. వాడు గోడకు తగిలి కిందపడినాడు. కాలితో పక్కలో ఇంకొకటి తన్నినాను. "చంపుతావేరా వాన్ని?" అని అరిచినాను. వాడు లేచి నిలబడి "సారీ సార్" అన్నాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి దిగుతాంది. చూసినాను. చూసి కూడా, వేలు తెగినవాన్ని ఆటోలో వేసుకోని పోయినాను.

ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే ఆ పిల్లోడు పండ్లు బిగబట్టి అన్నాడు. "వాన్ని యాల కొట్టినారు సార్? స్టార్ట్ చెయ్యమనింది మీరే గదా."

"నోర్మూసుకో" అన్నాను.

మరుసటి రోజు ధర్మవరం పిల్లోడు "చెవిలో మిల్లాడినట్ల మోత సార్" అన్నాడు. రెండు దినాల్లో పోతుందిలే అని చెప్పినాను.

ర్యాలీ పక్క జిల్లాలో పెట్టినారు. వేలమంది ఒకే గేటు మీద పడితే పోలీసులు లాఠీలు ఎత్తినారు. కిందపడినోళ్ల మీదుగా తొక్కుకుంటూ పోయినారు జనం. మావాడు వీపు మీద వాతలతోనే లోపలికి పోయి, మైలు పరుగులో మొదటి గుంపులో వచ్చినాడు. గుంత దూకడం, బీముకు వేలాడి పైకి లేయడం అన్నీ దాటినాడు. చివరగా డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, పొర చిరిగిందని అన్‌ఫిట్ రాసినాడు. ఆపరేషన్ చేయించుకోని వచ్చేసరికి వయసు దాటిపోతుంది.

లాఠీ తగిలి చిరిగిందని డాక్టరుకు చెప్పినాడంట అని మిగతా పిల్లోళ్లు నాతో అన్నారు. నన్ను కాపాడినాడు అనుకున్నాను. కొంచెం తేలికపడినాను కూడా.

పది దినాలకు వాని తండ్రి వచ్చినాడు. మగ్గం గుంటలో కూర్చోని కూర్చోని నడుము వంగిపోయిన చిన్న మనిషి. మిల్లు లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడినాడు.

"ఏమప్పా, నా కొడుకును ఏ చేత్తో కొట్టినావు?"

నేను కుడిచెయ్యి చూపించినాను.

"ఆడ పెట్టు."

బెంచీ మీద పెట్టినాను. ఎందుకు పెట్టినానంటే ఈరోజుకీ సరిగ్గా చెప్పలేను. ఆయన బెంచీ మీదున్న పెద్ద పానా ఎత్తి, రెండు చేతులతో మణికట్టు మీద దించినాడు. ఎముక విరిగిన శబ్దం అందరికీ వినపడింది. మళ్లీ ఎత్తినాడు.

రెండో దెబ్బ పడలేదు. నా పిల్లోళ్లు ఆయన మీద పడినారు. ఒకడు ఫ్యాను బెల్టు తీసి మెడకు చుట్టి లాగినాడు. ఒకడు నేనెట్ల తన్నేవాన్నో అట్లే, మడమతో పక్కటెముకల మీద తన్నినాడు. ముసలాయన నోట్లోంచి నెత్తురొచ్చింది, ఒక పన్ను మట్టిలో పడింది. "వద్దురా, ఇడ్సండి" అని అరిచినాను. ఎవరూ వినలేదు. విరిగిన చెయ్యి వేలాడుతుంటే ఆయన మీద అడ్డంగా పడినాను. రెండు తన్నులు నాకూ తగిలినాయి. అప్పుడు ఆగినారు. ఆగి, రొప్పుతూ, శభాష్ అంటానేమోనని నా మొహం చూస్తాండారు.

వాళ్లకు ఇంజను ఎంత వచ్చిందో గాని ఇది మాత్రం నేను కొరత లేకుండా నేర్పినాను.

ఆయన్ను ఎత్తుకోని ఆసుపత్రికి పోయింది కూడా ఆ పిల్లోళ్లే. జాకీ జారి చెయ్యి విరిగిందని నేను రాయించినాను. ఆయన ఏం రాయించినాడో తెలీదు, పోలీసులు మాత్రం రాలేదు. ఆ వారమే బెల్టు పొయ్యిలో వేసినాను. ఇంక కొట్టనని తండ్రులకు చెబితే ముగ్గురు వాళ్ల కొడుకులను మాన్పించుకోని పోయినారు. "భయం లేని కాడ సదువేముంటాది సార్?" అన్నాడు ఒకాయన. కొట్టకుండా నేర్పడం నాకూ రాలేదు. చెయ్యి లేస్తే ప్యాంటు జేబులో పెట్టుకోని బయటికి పోయేవాన్ని. ఇంకో రెండేండ్లు అట్ల నడిపి మిల్లు వదిలేసినాను.

తర్వాత మా పల్లె పక్క చేన్లో బోరు వేస్తుంటే చూడబోయినాను. రిగ్గు లారీ కాడ కంప్రెసరు విప్పి కూర్చోని ఉన్నది ధర్మవరం పిల్లోడే. ఒళ్లు చేసినాడు. నేను మాట్లాడబోతే చేత్తో సైగ చేసినాడు. "ఈ పక్కకు రాండి సార్. ఆ పక్క ఇనపడదు."

పక్క మారి నిలబడినాను. చాలా దినాలుగా నోట్లో ఉన్న మాట చెప్పినాను. "ఆ పొద్దు స్టార్ట్ చెయ్యమనింది నేనే అప్పా."

"తెలుసు సార్."

"మరి డాక్టరుకు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

వాడు చేతిలో పానా కింద పెట్టినాడు. "ఎవురు చెప్పల్యా అనింది? మా సారు కొట్టినాడనే చెప్పినా. ఆయప్ప నవ్వి, లాఠీ దెబ్బ అని రాసుకున్యాడు."

మీ నాయన ఎట్లుండాడని అడిగితే, "ఊపిరి పీలిస్తే పక్కలు నొస్తాయంటాడు. ముందు మాదిరి నేయల్యాడు" అన్నాడు. కోపంగా అనలేదు. బోల్టు ఎక్కిస్తూ అన్నాడు.

రిగ్గు మళ్లీ మొదలైంది. ఆ చేన్లో ఆరువందల అడుగులు పోయినా తెల్ల దుమ్మే లేచింది గాని తడి తగల్లేదు. సాయంత్రానికి పైపులు లారీకెత్తి, వాడు డ్రైవరు పక్కన ఎక్కి కూర్చోని, ఇంకో ఊరికి పోయినాడు.