ఇసుక గీకేసిన బొమ్మ

నాకు అక్షరాలు యాభై ఏండ్లు దాటినంక వచ్చినయి, కూలోళ్లుండే లేబర్ క్యాంపుల. అందుకే ముచ్చట తిప్పి తిప్పి రాయ, ఉన్నదున్నట్టు రాస్త.

ఖతర్ దేశం దోహాల ఇరవై ఏండ్లు గోడలకు సిమెంటు గిలాబు చేసిన. మోకాళ్లు అరిగినంక అక్కడి ఐన్ ఖాలిద్ బస్తీల తన బిడ్డ దగ్గర ఉండే ఒక స్కాట్లాండు ముసలామెకు డ్రైవరునైన. ఆమె నేల, గుట్టలు, సముద్రం బొమ్మలేస్తది. పుట్టిన ఊరు ఏడాదంత వానల నానుతదట. భర్త చమురు ఇంజనీరు. ఆయన వెంట చమురు బావులున్న దుఖాన్ ఊరికి వచ్చి, కంపెనీ ఇంట్ల వంటగది మూలకు కూసోని ఏండ్లకేండ్లు బొమ్మలేసింది. "ఇంజనీరు పెండ్లాం పొద్దుపోక గీస్తది" అనేటోళ్లట. ఆయన పోయినంక, డెబ్బై దాటినంక, అచ్చంగ ఆమె బొమ్మలతోనే మొదటి ఎగ్జిబిషన్ కుదిరింది.

దానికోసం పెద్ద బొమ్మ దుఖాన్ పక్కన బయట నిలబడి ఏసింది. గాలి లేసి పచ్చి రంగుకు ఇసుకంత అంటింది. ఇంటికి తెచ్చి చూస్తే నాకే సిగ్గనిపించింది. మా పనిల ఫినిషింగ్ మీద ఒక్క రవ్వ కనబడితే ఫోర్‌మన్ గోడంత గీకిపిస్తడు. గోడలకు లప్పం పూసే రేకు పట్టీ తెచ్చి, ఆమెకు చెప్పకుండనే ఇసుకంత నున్నగ గీకి పెట్టిన. మెచ్చుకుంటదనుకున్న.

ఆమె చూసి కుర్చీల కూలబడ్డది.

"ఆ ఇసుక కావాల్నని ఉంచుకున్న, మేస్త్రీ" అన్నది, తనకొచ్చిన హిందీల. "అది గాలి ఏసిన రంగు."

"ముందే చెప్పాలె గద మేడం! నాకెట్ల ఎరుక?" అన్న. తప్పు నాదే, నోరు ఆగలే.

ఎగ్జిబిషన్ ఇంక ఆరు రోజులే. "ఆ ఒక్కటి ఇడిసిపెట్టమ్మా" అన్నది బిడ్డ. ముసలామె నా దిక్కు చూసింది. "యల్లా, నడువు. దుఖాన్ పోదాం."

అక్కడ్నే నిలబడి మూడు రోజుల్ల అదే బొమ్మ మళ్ల ఏసింది. ఈసారి గాలి రాలే, ఆమె టోపీ అంచు సుత కదలలే.

"ఇసుక ఇసురుడు వస్తదా నీకు?" అని అడిగింది.

"గోడలకు సిమెంటు ఇసిరినోన్ని, ఇదెంత!" పిడికిట్ల ఇసుక పట్టి మణికట్టు తిప్పి బొమ్మ మీద కొట్టిన.

"గోడ కాదయ్యా! అంత సాపుగ ఏస్తవేంది? గాలి కొలుసుకోని ఏస్తదా?"

పని అలవాటు లేని ఎడమ చేత్తోని ఇసిరిన. అప్పుడు నవ్వింది. "ఖలాస్, అయిపోయింది. ఇదే."

ఎగ్జిబిషన్‌ల ఆ బొమ్మను నడుమ గోడకు పెట్టిండ్రు. ఒకాయన దగ్గరికొచ్చి గోటితోని ఇసుక గీకబోయిండు.

"ముట్టకు భాయ్!" అని అందరు తిరిగి చూసేటట్టు అరిచిన. "కావాల్నని ఉంచినం!"

ఎనుక నుంచి ముసలామె నవ్వుడు ఇనబడ్డది. "రేపు పొద్దుగాలనే బండి తియ్యి మేస్త్రీ. ఇంత కంటె పెద్దది, బొమ్మలేసే గుడ్డ తెప్పించిన."