లోపలి తేడా

ఒట్టు పెట్టకూడదని సండే స్కూల్లో నేర్పారు. అయినా ఒట్టేసి చెబుతున్నా... ఇది జరిగింది. నాకే. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి.

తొంభైల్లో మాట. బాపట్ల దగ్గర సముద్రతీరం కొలిచే పని. జీపీఎస్ రిసీవర్లు అప్పుడే కొత్త. వాటిని నమ్మే ముందు ఒక పరీక్ష చేసేవాళ్లం. ఒకే యాంటెన్నా తీగని రెండుగా చీల్చి రెండు రిసీవర్లకీ తగిలిస్తాం. పైనుంచి రెండింటికీ వచ్చేది ఒకటే. రెండూ ఒకే చోటు చూపించాలి. చూపించకపోతే ఆ తప్పు ఉపగ్రహాలది కాదు, రిసీవర్ పెట్టెది. దాన్ని లోపలి తేడా అనేవాళ్లం. పెట్టె కాస్త వేడెక్కాక ఒక్కోసారి ఆ తేడా దానంతటదే పోతుంది.

మా చెల్లి సుగుణ రేపల్లె ఆసుపత్రిలో ఉంది. టైఫాయిడ్. తగ్గుముఖం పట్టిందన్నారు. పొద్దున్నే మొదటి బస్సుకి వస్తానని కబురు పెట్టాను. అమ్మానాన్న కూలికెళితే దాన్ని చంకనేసుకు తిరిగింది నేనే. అదంటే నాకు ప్రాణం.

ఆ రాత్రి బాపట్లలో మా బస మేడ మీద గదిలో, ఆ పరీక్ష పెట్టుకుని ఒక్కణ్ణే. కింద వాచ్‌మన్ కాపురం. బయట గాలి హోరు... రెండు రిసీవర్ల తేడా చూపించే తెర మీద, సున్నా దగ్గర ఉండాల్సిన అంకె కదిలింది. కొంచెం... ఇంకొంచెం... ఒకవైపే. తీగలు బిగించాను. ఆగలేదు.

అప్పుడు... తలుపవతల గాజుల చప్పుడు.

"అన్నయ్యా... తేడాగా ఉందన్నయ్యా."

గాలికి గొంతు పోల్చుకోలేదు. మా వైపు ప్రతివాళ్లకీ నేను అన్నయ్యనే. వాచ్‌మన్ భార్య అనుకున్నా. కిటికీలోంచి తెర చూసిందేమో అని తల తిప్పకుండానే చెప్పాను.

"ఏం కాదమ్మా. లోపలి తేడాయే. తెల్లారేసరికి పోతుంది."

గాజులు మెట్లు దిగిన చప్పుడు వినపడలేదు... లేచి చూస్తే ఎవరూ లేరు. వెనక్కి వచ్చేసరికి తెర మీద సున్నా.

పొద్దున్న వాచ్‌మన్‌ని అడిగాను. మా ఇంటిది పొన్నూరు పుట్టింటికెళ్లింది కదండి, అన్నాడు. మొదటి బస్సు ఎక్కేశాను.

రేపల్లెలో మంచం ఖాళీగా ఉంది. అమ్మ చెప్పింది. రాత్రి దానికి ఉన్నట్టుండి తేడా చేసిందట. చాలా భయపడిందట. కాసేపటికి నిమ్మళించి, నవ్విందట కూడా.

"అన్నయ్యతో చెప్పానమ్మా. తెల్లారేసరికి పోతుందన్నాడు."

తెల్లారేసరికి పోయింది.

నేనన్నది తేడా పోతుందని. నా చెల్లి ఎలా విందో... ధైర్యం తెచ్చుకుందో, సెలవు తీసుకుందో. రిసీవర్లని మళ్లీ మళ్లీ పరీక్షించాం. ఏ తప్పూ లేదు. ఆ రాత్రి తలుపు దగ్గరికొచ్చింది సుగుణేనా? తెలీదు. ఇప్పుడు వెనకనుంచి ఎవరు అన్నయ్యా అన్నా, చేతిలో పని వదిలేసి తిరిగి చూస్తాను.