యల్లా అన్నాడని కొట్టేసిన రేగుచెట్టు

మా చిన్నప్పుడు... కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక విల్లా వెనకాల రెండు గదుల్లో ఉండేవాళ్లం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న ఆ విల్లా పిల్లల్ని బడికి కారులో దింపేవాడు, తోట చూసేవాడు. ఆ దేశంలో ఉండటానికి కావలసిన అనుమతి, ఇఖామా, అమ్మకు ఆసుపత్రి మీద, నాన్నకు ఆ ఇంటాయన మీద ఉండేది... ఆయనే కఫీల్. ఆయన వద్దంటే నాన్నకు ఆ దేశంలో నిలువ నీడ లేదు.

మా గుమ్మం ముందే ఒక రేగుచెట్టు. చెట్టని మర్యాదకు అంటున్నాను... అదొక ముళ్ల పొద. మొదట్లోనే అయిదారు కొమ్మలై ఎటుపడితే అటు పాకేసింది. ఎంత ఏపుగా ఉన్నా కాయలు మాత్రం శనగగింజంత, అందులో సగం పురుగు. నా అరికాళ్లలో విరిగిన ముళ్లకు లెక్కలేదు. అమ్మ ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి పిన్నీసుతో తీస్తుంటే, ఆ చెట్టును నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

నాన్నది కడియం. నర్సరీల్లో అంట్లు కడుతూ పెరిగాడు. మొక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"కాపు అవగానే నడుం ఎత్తుకి కొట్టేత్తే దీని పని బాగుంటాదే. రేగుకి కొత్త కొమ్మకే కాయ. పాత కొమ్మని ముద్దు చేత్తే ముళ్లే మిగుల్తాయి" అనేవాడు.

ఎండలు ముదిరే రోజులు... ఒక పొద్దున కఫీల్ తన కారెక్కబోతున్నాడు. చెవి దగ్గర ఫోన్. నాన్న ఎదురెళ్లి చెట్టును చూపించి, చేత్తో కోసినట్టు చేసి, తనకొచ్చిన ముక్కల అరబ్బీలో కొట్టెయ్యనా అని అడిగాడు. ఆయన "యల్లా, యల్లా" అన్నాడు. కారు వెళ్లిపోయింది.

నాన్న నా వైపు తిరిగాడు. నేనప్పుడు మూడో తరగతి. బళ్లో అరబ్బీ చెప్పేవారు కాబట్టి మా ఇంటికి నేనే పండితురాలిని.

"యల్లా అన్నాడు కదే అమ్మలూ... కానిమ్మనేగా?"

"అవును నాన్నా."

సాయంత్రానికి నడుం ఎత్తున అయిదు మోళ్లు మిగిలాయి. నాన్న కోతల మీద తడిమట్టి మెత్తాడు. ముళ్లన్నీ ఊడ్చేసిన ఆ నేల మీద నేను చెప్పుల్లేకుండా గెంతాను.

అప్పుడొచ్చింది కఫీల్ తల్లి. పెద్దావిడ... పనివాళ్లంతా మామా కబీరా అనేవారు. చేతికర్ర ఆనించుకుని, మోళ్లను చూసి, "లేష్? లేష్?" అంది. ఎందుకూ, ఎందుకూ అని. రేగును వాళ్లు సిద్ర్ అంటారు. దాన్ని నరికితే ఇంటికి కీడని ఆవిడ నమ్మకం. పైగా అది ఆవిడ భర్త చేత్తో వేసిన చెట్టట. ఇదంతా నాన్నకేం తెలుసు? కొట్టకుండా వదిలేస్తే బద్ధకస్తుడనే ఊరు మాది. ఆవిడ గొంతు విని కఫీల్ బయటికొచ్చాడు.

"మీరు యల్లా అన్నారు కదా బాబా" అన్నాడు నాన్న.

"అది ఫోన్లో మా తమ్ముడితో" అని పుల్ల విరిచినట్టు చెప్పాడు కఫీల్.

నాన్న మామా కబీరాకు మూడు వేళ్లు చూపించాడు. మూడు వారాలు... చిగురొస్తుందని. ఆవిడ కర్రతో ఒక మోడును తట్టి, చిగురిస్తే ఉండు, లేకపోతే ఖలాస్ అంది.

ఇక రోజూ తెల్లారగానే నాన్న మోళ్ల దగ్గరే. గోటితో బెరడు గీకి, లోపల పచ్చగా ఉందని నాకు చూపించేవాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు.

"ఏవండీ, ఇంత ఎండలో చిగురెడతాదంటారా?" అనేది అమ్మ.

"వేరు బతికుందే. వేరు బతికుంటే చిగురెట్టకేం జేత్తాది."

పదిహేనో రోజున మామా కబీరా స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. కీడు రానే వచ్చిందనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఇక చిగురు మాట ఎవరూ ఎత్తలేదు. రెండు రోజుల్లో నాన్న చేతిలో టికెట్టు పెట్టారు.

వెళ్లేటప్పుడు నన్ను ముద్దు కూడా పెట్టుకోలేదు. "రోజూ ఓ బకెట్టు నీళ్లు పొయ్యి. మొదట్లో కాదు, చుట్టూ" అన్నాడు, అంతే.

నాన్న వెళ్లిన నాలుగో పొద్దున... ఒక మోడు మీద ఆవగింజంత పచ్చటి బుడిపెలు. నేను పరుగెత్తుకెళ్లి, డ్యూటీకి బయల్దేరుతున్న అమ్మను లాక్కొచ్చాను. అమ్మ వాటిని చూసి, "ఎవరికి చెప్తావే ఇప్పుడు?" అంది. ఆ నెలాఖరుకు మేము ఫర్వానియాలో ఒక గదికి మారిపోయాం.

నాన్న మళ్లీ కువైట్ రాలేదు. కడియంలోనే నర్సరీ కూలికి వెళ్లాడు. అమ్మకు సెలవు దొరికిన ఏడాది నెల రోజులు నాన్న... మిగతా అంతా ఫోనే. ప్రతి ఫోనూ ఒకే మాటతో ముగిసేది.

"యల్లా అన్నాడు కదే అమ్మలూ... నువ్వూ ఇన్నావు కదా?"

"విన్నాను నాన్నా."

విన్నాను... చూశాను కూడా. కఫీల్ ఫోన్లోకే అన్నాడు. ఆయన కళ్లు నాన్న వైపు తిరగనే లేదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. ముళ్ల మీద కోపంతో అవునన్నాను. నాన్న పోయి మూడేళ్లు... ఉన్నన్నాళ్లూ ఆ సంగతి చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేనూ కువైట్‌లోనే, ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను. మొన్న ధైర్యం చేసి మిష్రిఫ్ వెళ్లాను. గోడ మీదుగా కొమ్మలు వంగి ఉన్నాయి. ఉసిరికాయంత రేగుపళ్లు. బంగ్లాదేశ్ తోటమాలి కింద రాలినవి ఏరుతున్నాడు. ఇంత బాగా ఎలా కాసిందని హిందీలో అడిగాను.

కాపు అవగానే ఏటా నడుం ఎత్తుకి కొట్టెయ్యమని ఇంటివాళ్లే చెప్తారట. ఎప్పుడో ఎవరో డ్రైవరు అలా కొడితే, మరుసటి ఏడు విరగకాసిందట.

ఎవరో డ్రైవరు...

అతను దోసెడు పళ్లిచ్చాడు. ఇంటికి తెచ్చి సత్తు గిన్నెలో పోశాను. ఇంకా తినలేదు.

చిన్నప్పుడు మీరన్న ఒక్క "అవును"ను పెద్దవాళ్లు నమ్మేసిన రోజు మీకూ ఉంటే, ఇక్కడ రాయండి. వాళ్లు ఇంకా ఉంటే, ముందు వాళ్లకు చెప్పండి.

ఇప్పుడు ఏ భాష మాటకైనా ఫోన్ అర్థం చెప్పేస్తోంది... అప్పుడు మా నాన్నకు నేనే ఉన్నాను.