దాచిన విండోలో పాత తూకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. పటాన్‌చెరులోని ఆ రంగుల ఫ్యాక్టరీకి వెళ్లిన రోజు మాత్రం ఆ మాట నిజమే.

గంటలో ఆరిపోవాల్సిన ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, ఒక తొట్టెడు ఆరకుండా జిగటగా ఉండిపోయింది. మధ్యాహ్నం షిఫ్ట్‌లో తూకం వేసిన ఆపరేటర్, అక్కడ అందరూ అక్క అని పిలిచే ఆమెదే తప్పని మేనేజర్ తేల్చేశాడు. సోమవారం విచారణ, ఆ వెంటనే ఉద్యోగం నుంచి తీసేయడం. అక్కది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. భర్త మంచాన పడ్డప్పటి నుంచి ఆమె సంపాదన మీదే ఇల్లు నడుస్తోంది. ఏ పదార్థం ఎంత తూచాలో స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రామ్ మా ఆఫీసుది. ఒకసారి చూసి, మా దాంట్లో లోపం లేదని చెప్పి రమ్మని మా సార్ నన్ను పంపాడు. చూడకముందే ఏం చెప్పాలో నేర్పి పంపడం ఆయనకు అలవాటు.

అక్కను మిషన్ ముట్టుకోనివ్వడం లేదు. గోడ పక్కన స్టూల్ మీద కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఆమె షిఫ్ట్‌లో మిషన్ ఖాళీగానే ఉంటోంది.

"కంప్యూటర్‌ల ఏం జూపెడితే గదే తూచిన మేడం. అన్ని డబ్బాలల్ల నీళ్ల లెక్కనే ఉంటది. మీద పేర్లు గూడ ఉండయి, ఉత్త నంబర్లే. నాకెట్ల దెలుస్తది?"

మధ్యాహ్నం దాకా ఆ ప్రోగ్రామ్‌ను తిప్పి తిప్పి చూశాను. తూకాల విండోలో బ్యాచ్ మార్చినప్పుడల్లా అంకెలు బుద్ధిగా మారాయి. నిజం చెప్పాలంటే నాకు కూడా అనుమానం అక్క మీదికే మళ్లింది.

రెండింటికి షిఫ్ట్ మారింది. పొద్దుటి షిఫ్ట్ ఆపరేటర్ ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు మనిషి. ప్రైమర్ చెడిపోయిన వారమే ఈ మిషన్ మీదికి వచ్చాడట. అతను లేచే ముందు గుడ్డతో బల్ల తుడిచాడు. మౌస్ తుడిచాడు. తర్వాత తూకాల విండో మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి దాన్ని మూసేశాడు.

"ఎందుకు మూసినవ్?" అని అడిగాను.

"దీదీకి రోజూ సాఫ్ చేసి ఇచ్చేది మేడం, అదే అలవాటు. అక్క వచ్చేటప్పుడు నా పని ఎందుకు కనిపించాలె?"

మిగతావాళ్లు ఎవరూ ఆ విండోను ఏనాడూ మూయలేదట. షిఫ్ట్ మీద షిఫ్ట్ అది తెరిచే ఉండేది. నేను కుర్చీలో కూర్చుని కొత్త బ్యాచ్ కోసం దాన్ని మళ్లీ తెరిచాను. పైన కొత్త నంబర్ వచ్చింది. కింద తూకాలు మాత్రం ఆ ఒడిశా మనిషి తూచిన పాత బ్యాచ్‌వి. ఆ రోజు అక్క చూసి తూచింది కూడా ఇలాంటి పాత తూకాలే.

ఆ కోడ్ మా సార్ స్వయంగా రాసింది. పాత కంప్యూటర్లలో ప్రతిసారీ కొత్త విండో తయారు చేస్తే ఆలస్యమవుతుంది. అందుకని మూసినప్పుడు దాన్ని పారేయకుండా కనిపించకుండా దాచి, అడిగినప్పుడు దాన్నే మళ్లీ చూపించేలా రాశాడు. తెలివైన పనే. తిన్న పళ్లెంలోనే మళ్లీ తినొచ్చు, కాకపోతే మధ్యలో కడగాలి. ఆ కడిగే పనే, అంటే పాత అంకెలు తుడిపేయడమే, మా సార్ మరిచాడు.

సార్‌కు ఫోన్ చేశాను.

"ఎవ్వరికి చెప్పకు. ఒక్క లైన్ రాసిపెట్టి, అప్‌డేట్ అని చెప్పి రా," అన్నాడు.

"ఆమె నౌకరీ పోతది సార్."

"మన కాంట్రాక్టు గూడ పోతది. జెర ఆలోచించు."

ఫోన్ పెట్టేసి తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆ కోపంలో భయం గుర్తుకు రాలేదు. అతన్ని స్క్రీన్ ముందు నిలబెట్టి విండో మూసి, తెరిచి చూపించాను. అతను ఇంకోసారి చూపించమన్నాడు. చూపించాను.

"అయితే ఆ దినం గిది మూసిందెవరు?"

"పొద్దటి షిఫ్ట్ ఆయన. కానీ మూసుడు తప్పు కాదు సార్. మూస్తే పాతయి పోవాలె. పోకపోవుడు మా ప్రోగ్రామ్ తప్పు."

అతని చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది. అక్కడే నిలబడి కాంట్రాక్టర్‌కు ఫోన్ కలిపాడు. అక్క పర్మనెంట్ మనిషి కాబట్టి విచారణ అయినా పెట్టారు. కాంట్రాక్టు మనిషికి అదీ అక్కర్లేదు. ఇంకా గేటు దాటని అతన్ని అక్కడే ఆపి, గేట్ పాస్ గుంజుకుని, రేపటి నుంచి రావద్దన్నారట. నేను మేనేజర్‌తో ఎంత వాదించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సాయంత్రానికి మా సార్ ఫోన్ చేశాడు. "మంచిగ జేసినవ్. మన మీదికి ఏం రాలే," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ కట్ చేశాను.

సరిచేసిన ప్రోగ్రామ్ ఎక్కించాక అక్కను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక విండో మూస్తే పాత తూకాలు పోతాయని చెప్పడానికి ఆమె పక్కన నిలబడ్డాను. కనీసం ఆమె ఉద్యోగమైనా నిలబడిందన్న సంతోషం నాకు కొంచెం ఉండింది, దాచుకోను.

ఆమె నా వైపు చూడలేదు.

"ముత్తంగిల కిరాయి రూముల ఉంటడు మేడం. ఇద్దరు చిన్న పిల్లలు. బల్ల తుడిచి ఇచ్చినోడు ఇన్నేండ్లల్ల ఆయనొక్కడే," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నా పొట్ట నిలబెట్టుమంటే, ఆయన పొట్ట గొట్టొస్తివా?"