మా వార్డులో సీరియల్ అత్తగారు

ఆ రోజుల్లో జెద్దాలో మా నర్సులను నిలబెట్టింది జీతమూ ప్రార్థనా అని ఇంటి దగ్గరవాళ్లు అనుకునేవారు గానీ, నిజానికి అది ఒక తెలుగు సీరియల్. డ్యూటీ దిగి హాస్టల్‌కి రాగానే ఫోనును గోడకానించి, చపాతీ పిండి కలుపుతూ, అందులోని గయ్యాళి అత్తగారిని నోరారా తిట్టుకునేవాళ్లం. పగలంతా ఇన్‌చార్జి సిస్టర్ చేత పడిన మాటలన్నీ ఆవిడ మీదే తీర్చుకునేవాళ్లం (ఆవిడ కోడలి పాలలో ఏదో కలిపిన వారం మా గదిలో ఎవరూ పాలు తాగలేదు).

ఆ అత్తగారే ఒక ఉదయం మా ఆడవాళ్ల వార్డులో చేరింది. తమ్ముడిని చూడటానికి విజిట్ వీసా మీద వచ్చిందట, కిడ్నీలో రాయి కదిలింది. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, మొహాన బొట్టూ కాటుకా లేవు, నొప్పికి వంగిపోయి ఉంది. నేనెలా పోలుస్తాను? "కాస్త వేడినీళ్లు ఇస్తావా తల్లీ" అని అడిగేసరికి ఆ గొంతుకి నా ఒళ్లు జల్లుమంది. సూది వేసేటప్పుడు కోడలి తరఫున కాస్త గట్టిగా గుచ్చాలనిపించింది కూడా. నా మొహం చూసి ఆవిడ నవ్వేసింది. "మెల్లిగా వెయ్యమ్మా. పాలలో కలిపించింది రైటర్ గారు, నేను కాదు." నొప్పి తగ్గాక కబుర్లు చెప్పింది. చప్పుడొస్తుందని షూటింగులో ఏసీ ఆపేస్తారట. పట్టుచీరలో చెమటలు కారుతుంటే ఒక్క మాటకి అందరి మొహాలూ ఒక్కొక్కటిగా తీస్తారట, ఈవిడది ఆఖరున. "అందాకా ఆ కోపాన్ని పొయ్యి మీద పాలలా కాచుకోవాలమ్మా, పొంగకూడదు, చల్లారకూడదు" అంది.

పక్క మంచం మీద కరీంనగర్ అవ్వ ఉండేది. యాన్బు అనే ఊళ్లో పనిచేసే కొడుకు దగ్గరికి వచ్చి, ఇక్కడ కడుపు ఆపరేషన్ చేయించుకుంది. అప్పటినుంచి ముద్ద ముట్టలేదు. "ఈ దవాఖాన కూడు నాకొద్దు బిడ్డా, నన్ను మా ఊరికి తోలున్రి" అనేది. సాయంత్రంలోగా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టర్ చెప్పేశాడు. కొడుకు బయట కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను బతిమాలాను, ఇన్‌చార్జి సిస్టర్ తన మలయాళం కలిసిన హిందీలో బతిమాలింది. చివరికి అత్తగారు మంచంమీంచే "రెండు ముద్దలు తినండమ్మా" అంది. అవ్వ ఆ గొంతు గుర్తుపట్టేసింది. "ఓసి, నువ్వా? నువ్వు జెప్తె నేను తింటనా? అండ్ల ఏం గలిపినవో" అని నోరు ఇంకా బిగించింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారు నన్ను దగ్గరికి పిలిచి కాటుక పెన్సిల్ అడిగింది. నా బ్యాగులోంచి తెచ్చిస్తే కళ్లకు దిద్దుకుని, దాంతోనే నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ వెళ్లి అవ్వ ముందు నిలబడింది. ఆసుపత్రి గౌనులోనే ఉంది గానీ మనిషి మారిపోయింది. ఒక్క కనుబొమ్మ లేచింది.

"తినకు ముసలీ. నువ్వు మంచం పడితే నీ కొడుకింట్లో పెత్తనం నాదే. నాక్కావలసిందీ అదే."

అంతా నటనేనని తెలిసిన నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. అవ్వ దిగ్గున లేచి కూర్చుంది. "నా కొడుకు ఇల్లు నీకెట్ల దక్కుతదే? పిల్లా, ఆ గిన్నె ఇటియ్యి."

ముద్దముద్దకీ గుడ్లురుముతూ గిన్నెడు గంజన్నం ఊడ్చేసింది. అంతసేపూ అత్తగారి కనుబొమ్మ దిగలేదు. తెర వెనక్కి వచ్చాక మాత్రం నడుము పట్టుకుని నా భుజం మీద వాలిపోయింది. ఒళ్లంతా చెమట. ఇంతటి పనిమంతురాలినా ఇన్నాళ్లూ చపాతీలు ఒత్తుతూ తిట్టాం అని నా కళ్లు చెమర్చాయి.

ఇంటికెళ్లే రోజు అవ్వ చక్రాల కుర్చీ ఆపించి మరీ అత్తగారి మీద మెటికలు విరిచింది. "నీ నోట్ల మన్నువడ. ఆ కోడలు పిల్ల జోలికి పోయినవో, మంచిగుండదు." అత్తగారు తలవంచి దండం పెట్టింది. నేను ఉండబట్టలేక, అవ్వకి నిజం చెప్పేస్తానని కదిలాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. ఇంటికెళ్లాక మళ్లీ తిండి మానేస్తే ఎవరొస్తారు? నన్ను తిట్టుకోవడానికైనా తింటుంది, తిననీ."

ఇప్పుడు ఆ వార్డుకి ఇన్‌చార్జిని నేనే. ఎవరైనా గిన్నె తోసేస్తే స్టాఫ్ రూములోకి వెళ్లి కాటుక దిద్దుకుని వచ్చి ఒక్క కనుబొమ్మ ఎత్తబోతాను. ఇన్నేళ్లయినా రెండూ కలిసే లేస్తాయి. "పాపం సిస్టర్, తలనొప్పిగా ఉందా? మీరెళ్లి కూర్చోండి, నేను తినేస్తాలెండి" అంటారు పేషెంట్లు. ఎలాగైతేనేం, గిన్నె ఖాళీ అవుతోంది.