వేడి కనిపెట్టే పెట్టె

తాడేపల్లిగూడెంలో సుబ్బరాజుగారి మేడ గోడల వెంట ఏ తీగ ఎటు పోతుందో యాకోబు కళ్ళు మూసుకుని చెప్పగలడు. పూజగది వెనక మూలలో, వంటింటి అటక కింద, రాజుగారి పందిరిమంచం తలవైపు, అన్నిచోట్లా చెక్కబద్దలు కొట్టి తీగలు లాగింది అతనే. అప్పటికింకా ఆ ఇంటికి గృహప్రవేశం కాలేదు. ఇటుకలు పేర్చి సున్నం కొట్టేటప్పుడు మైల అంటదు కాబట్టి, చర్చిపేట యాకోబు ఏ గదిలోకి వెళ్ళినా ఎవరూ ఏమీ అనలేదు. పాలు పొంగించిన మర్నాడు దీపం వెలగడంలేదని కబురొస్తే పరుగున వెళ్ళాడు. అరుగు దగ్గరే ఆపేశారు. ఎక్కడ ఏది బిగించాలో అక్కణ్ణుంచే అరిచి చెబితే, లోపల వంటాయన బిగించాడు.

దానికి యాకోబు పెద్దగా బాధపడలేదనుకోండి. అలవాటైన సంగతి. ఆకివీడు అవతల కొల్లేటి ఒడ్డున పుట్టి, ఏలూరు మిషన్ బోర్డింగులో ఎనిమిదో తరగతిదాకా చదివి, అక్కడే ఓ కాంట్రాక్టరు దగ్గర వైరింగ్ పని నేర్చుకున్నవాడు. ఆ కాంట్రాక్టరుగారికి కరెంటంటే చచ్చేంత భయం. స్విచ్చి వెయ్యాలన్నా ధోవతి కొంగు వేలికి చుట్టుకునేవారు. అయినా పర్మిట్ ఆయన పేరునే ఉంది. మాచ్‌ఖండ్ డ్యాము నుంచి కరెంటు వచ్చిన ఈ రెండేళ్ళలో యాకోబు నలభై రెండు ఇళ్ళకి వైరింగ్ చేస్తే, నలభై రెండూ కాంట్రాక్టరుగారు చేసినట్టే ఆఫీసులో రాసి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా తన పేరు మీద ఒక్క బల్బు కూడా లేదు. ఇదిగో, దీనికి మాత్రం యాకోబు కడుపు రగిలిపోయేది.

అందుకని సొంతంగా వైర్‌మన్ పర్మిట్‌కి దరఖాస్తు పెడదామని ఏలూరు కరెంటాఫీసుకి వెళ్ళాడు. గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, "నువ్వు స్వయంగా చేసిన పని ఒకటి ఉండాలి. ఆ ఇంటి యజమాని, తగిన పెద్దమనిషి, సంతకం పెట్టి కాగితం ఇవ్వాలి. వచ్చే నెల మొదటి శుక్రవారంలోగా తేవాలి," అన్నాడు. ఎవరిస్తారు? నలభై రెండు ఇళ్ళవాళ్ళకీ యాకోబు ముఖమే తెలుసు గాని, కాగితం మీద పేరు తెలీదు.

సరిగ్గా అప్పుడే సుబ్బరాజుగారి నుంచి పిలుపొచ్చింది.

సంగతేమిటంటే, రాజుగారు మెద్రాసు నుంచి మూడువందల రూపాయలు పోసి ఒక కరెంటు బాయిలర్ తెప్పించారు. గూడెంలో అదే మొదటిది. నిలువెత్తు రాగిది, పైన మూత, కింద ఇత్తడి కుళాయి. స్విచ్చి వేస్తే నీళ్ళు కాగుతాయి, ఆపేదాకా కాగుతూనే ఉంటాయి. ఆపేవాడే లేడు. షాకు కొడుతుందని వంటాయన తాటాకు మట్టతో దూరం నుంచి స్విచ్చిని పొడిచేవాడు. తగిలిననాడు ఆగేది, తగలనినాడు మూత ఎగిరిపడేది. అలాంటప్పుడు ఏం చెయ్యాలి? పక్కనే గంగాళంలో ఉన్న చన్నీళ్ళు కలిపి తొరుపుకోవాలి. ఆ ఇంట్లో అందరూ పుట్టిందగ్గర్నుంచీ వేన్నీళ్ళు తొరుపుకునే పోసుకుంటున్నారు. కానీ రాజుగారు ఒప్పుకోలేదు. "మెద్రాసు బాయిలర్‌లో కాచిన నీళ్ళల్లో నూతినీళ్ళు కలుపుతారా? ఇంక ఆ మూడువందలూ ఎందుకు పోసినట్టు?" అని కోప్పడి గంగాళాన్ని గొడ్లసావిట్లోకి పంపించేశారు.

దాంతో ఇంట్లో చిన్నవాళ్ళంతా నీళ్ళు చల్లారేదాకా కబుర్లాడుకుని పోసుకునేవారు. రాజుగారి తల్లి రత్నమాణిక్యమ్మగారికి మాత్రం ఆ వీల్లేదు. డెబ్భై రెండేళ్ళావిడ, చూపు మందం, పూజవేళ దాటకుండా మడిస్నానం కావాలి. చెయ్యి బొబ్బలెక్కింది. ఆవిడ చెయ్యి కాలితే ఊరికి తెలియదు గాని, రెండు మూడు వారాల్లో చుట్టాలొచ్చి బాయిలర్ చూస్తారు. రాజుగారికి అదీ బెంగ.

"వేడి సరిపోగానే దానంతటదే ఆగిపోయే సాధనం ఒకటుందిట. కంపెనీవాడు ఆర్నెల్లు పడుతుందంటున్నాడు. నువ్వేమైనా చెయ్యగలవా?" అని అరుగు మీద పడకకుర్చీలోంచి అడిగారు.

"చేస్తానండి. మూడు రూపాయల్లో అయిపోద్దండి," అన్నాడు యాకోబు కింద నిలబడి. "నాకు డబ్బులొద్దండి. పని కుదిరితే ఓ కాగితం మీద సంతకం పెట్టండి చాలు. పర్మిట్‌కండి."

"ఓస్, అంతేనా? పెడతాను పో," అన్నారు రాజుగారు. సంతకానికి ఖర్చేముంది!

యాకోబు ఇంటికెళ్ళి పని మొదలెట్టాడు. పాడైన లాంతరులోంచి ఇత్తడి రేకు, కిరసనాయిలు డబ్బాలోంచి ఇనప రేకు, బొటనవేలి వెడల్పున కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి రివెట్లు కొట్టాడు. వేడి తగిలితే ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది, దాంతో జంటరేకు ఓ పక్కకి వంగుతుంది. వంగినప్పుడు కరెంటు తెగిపోవాలి, చల్లారి తిన్నబడినప్పుడు మళ్ళీ కలవాలి. కలిసేచోట నిప్పురవ్వకి మసి పట్టకుండా పాత వెండి పావలా ఒకటి ముక్కలు కోసి అతికించాడు. ఎంత వేడి దగ్గర తెగాలో నిర్ణయించడానికి ఒక మరమేకు. అన్నీ ఒక చెక్కపెట్టెలో అమర్చి, రేకుని ఇత్తడి గొట్టంలో దింపాడు. ఆ గొట్టం నీళ్ళల్లో మునగాలి.

"మనింట్లో గుడ్డిదీపానికి దిక్కులేదు, కరెంటు పెట్టె చేస్తున్నాడండీ ఈయన!" అని పాపమ్మ నవ్వింది. పాపమ్మ అతని భార్య. నవ్వితే నవ్విందిగాని, పొయ్యి మీద నీళ్ళు పెట్టిచ్చింది. టార్చిలైటు సెల్లుకి పెట్టె మీదుగా చిన్నబల్బు తగిలించి యాకోబు గొట్టాన్ని నీళ్ళల్లో ముంచాడు. నీళ్ళు కాగాయి. టక్ మని చప్పుడై బల్బు ఆరింది. చల్లారాక మళ్ళీ వెలిగింది. యాకోబు గంతేశాడు.

"అరచెయ్యి పెట్టి చూడకండి, అది మొద్దుబారిపోయుంటది. చంటిపిల్లకి నీళ్ళు పోసేప్పుడు నేను మోచెయ్యి పెట్టి చూస్తాను, అలా చూడండి," అంది పాపమ్మ. అలాగే చూసి మర బిగించాడు.

బిగించడం వరకూ బాగానే ఉంది, పెట్టడం దగ్గర వచ్చింది చిక్కు. పెట్టె బాయిలర్‌కి తగిలించాలి, గొట్టం నీళ్ళల్లోకి దిగాలి. యాకోబు బాయిలర్‌ని ముట్టుకుంటే? అమ్మగారి మడినీళ్ళు! రాజుగారు ఒక్క క్షణం ఆలోచించి ఉపాయం చెప్పారు. యాకోబు దొడ్డిగోడ అవతల నిలబడతాడు, వంటాయన ఇవతల బిగిస్తాడు. పెట్టెని వారంరోజులు ఎండలో పెట్టి, పసుపునీళ్ళు చల్లి, అప్పుడు లోపలికి తీసుకున్నారు. ఆ ఎండకీ పసుపునీళ్ళకీ పెట్టె చెక్క బీటలిచ్చి, మర కాస్తా వదులైపోయింది.

"మర తిప్పుతూ నీళ్ళల్లో చెయ్యి పెట్టి చూడండి! ఒంటికి హాయిగా ఉన్నకాడ ఆపెయ్యండి!" అని యాకోబు గోడ అవతల నుంచి కేకేశాడు.

"హాయిగానే ఉందయ్యా, ఇంకొంచెం తిప్పుతున్నా," అన్నాడు వంటాయన. ముప్ఫైయేళ్ళుగా గుండిగల్లోంచి గంజి వార్చి, మరిగే పులుసు అరచేతిలో వేసుకుని ఉప్పు చూసుకునే మనిషి. ఆయన చేతికి హాయి ఎక్కడ మొదలవుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఎవరికీ తట్టలేదు. మడి గురించి అంత ఆలోచించినవాళ్ళు చెయ్యి గురించి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మగారు మొదటి చెంబు పాదాల మీద పోసుకుని కెవ్వుమన్నారు. రాజుగారు ఆకివీడు వెళ్ళి ఉన్నారు. పెట్టె ఎలా ఉందో కనుక్కుందామని వచ్చి దొడ్డిగోడ దగ్గర నిలబడ్డ యాకోబుకి ఆ కేక వినపడింది. కాసేపటికి దొడ్డితలుపు తీసుకుని అమ్మగారే వచ్చారు. వంటాయన్ని అరిటాకులకి తోటకి పంపేశారు.

"లోపలికి రా."

"బాబోయ్, వద్దండమ్మగారండి. అయ్యగారికి తెలిస్తే చంపేస్తారండి."

"ముందు నా కాలు చూడు."

పాదం ఎర్రగా కమిలిపోయి ఉంది. యాకోబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గబగబా లోపలికెళ్ళి, బాయిలర్ మూత తీసి, పైన కాస్త చన్నీళ్ళు పోసి, మోచేతిదాకా చెయ్యి ముంచాడు. రెండో చేత్తో మర తిప్పుతూ వచ్చాడు. టక్. ఇంకా వేడే. ఇంకొంచెం తిప్పాడు. టక్. మర కదలకుండా లక్క కరిగించి పోశాడు. అమ్మగారు పక్కనే గోడకానుకుని చూస్తూ, తర్వాత చెంబుతో నీళ్ళు పట్టి మోచేతి మీద పోసుకున్నారు.

"ఆహా! అదీ వేడంటే," అన్నారు. "ఇంక వెళ్ళు నాయనా."

ఆ నీళ్ళు పారబోయించలేదు. అవే పోసుకుని పూజకి కూర్చున్నారు. ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు.

వారం తిరక్కుండా అత్తిలి నుంచీ ఆకివీడు నుంచీ రాజుగారి చుట్టాలు దిగారు. ఎనిమిదిమంది. రెండుపూటలా ఆ నీళ్ళే పోసుకుని, స్నానాలగది ముందు వరసగా నిలబడి టక్ అనే చప్పుడు కోసం చెవులు రిక్కించారు. అత్తిలాయన కాఫీ కూడా కాస్తుందా అనడిగాడు. ఆకివీడాయన కాస్త తెలివైనవాడు. "లోపలికొచ్చింది రాజులో కాదో దానికెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

"అన్నిటికన్నా గొప్పేమిటంటే," అన్నారు సుబ్బరాజుగారు మీసం దువ్వుకుంటూ, "పరాయి చెయ్యి పడలేదు. వాడు గోడవతల నిలబడి నోటితో చెప్పాడు, మన వంటాయన పెట్టాడు. మడికి మడి, కరెంటుకి కరెంటు."

ఏలూరు ఆఫీసువాళ్ళ గడువు మర్నాడే. యాకోబు అరుగు కిందకొచ్చి దణ్ణం పెట్టి కాగితం సంగతి గుర్తుచేశాడు. రాజుగారు సంతోషంగా కలం తెప్పించి, చుట్టాలందరూ చూస్తుండగా గుండ్రంగా రాసి సంతకం పెట్టి కిందకి జారవిడిచారు. యాకోబు చదువుకున్నాడు.

"యాకోబు అను నతడు మా యింట బాయిలరును గాని, నీళ్ళను గాని, మరి యే వస్తువును గాని ముట్టుకొనలేదని ఇందుమూలముగా ధ్రువపరచుచున్నాను."

రెండోసారి చదువుకున్నాడు. "అయ్యగారండి... ముట్టుకోలేదని రాశారండి. పని చేశానని రాయాలండి."

"పని చేశావని రాస్తే ముట్టుకున్నావని అవదూ?" అన్నారు రాజుగారు ఎంతో ఓపిగ్గా. "వీళ్ళందరూ స్నానాలు చేశారు. ఇప్పుడెలా రాస్తాను?"

ఔనౌనన్నారు చుట్టాలు. ఎంత సూక్ష్మంగా ఆలోచించారో అని మెచ్చుకున్నారు కూడా. యాకోబు ఈ కాగితం పట్టుకెళితే ఆఫీసులో బల్లలు చరిచి నవ్వుతారు. ఇంకెవరిస్తారు? మళ్ళీ కాంట్రాక్టరు పేరు కిందే ముసలైపోవాలి. మోచెయ్యి ముంచిన సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఆవిడ పరువు పోతుంది. పళ్ళబిగువున మింగి, కాగితం మడిచి వెనక్కి తిరిగాడు.

"ఆగు," అని తలుపు దగ్గర్నుంచి వినబడింది. అమ్మగారు. "మోచేతిదాకా ముంచాడు. నేనే పిలిచాను. మీ వంటాయన పెట్టింది నా కాళ్ళు కాల్చింది. ఈ అబ్బాయి సరిచేసినవే ఇన్నాళ్ళుగా నేనూ, నిన్నట్నుంచి వీళ్ళూ పోసుకుంటున్న నీళ్ళు."

ఎనిమిదిమందీ తమ చేతులు చూసుకున్నారు. అత్తిలాయన పైపంచెతో మొహం తుడుచుకోవడం మొదలెట్టాడు.

"అమ్మా, మీరు లోపలికెళ్ళండి. ఊరేమనుకుంటుంది?"

"ఊరికోసం నన్ను ఉడికి చావమంటారా? ఉన్నదున్నట్టు రాయండి నాయనా. రాసేదాకా నేను పచ్చిగంగ ముట్టను."

అందరి ముందూ ఇంకేం చేస్తారు? రాజుగారు రెండో కాగితం రాశారు. కలం పాళీ విరిగేలా సంతకం పెట్టి, "ఇంక ఆ పెట్టె క్షణం ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఎలాగూ ముట్టుకున్నాడుగా, వాణ్ణే వచ్చి తీసుకుపొమ్మనండి," అని అరిచారు. మరి బాయిలర్? దాన్నీ పారేద్దామా అన్నాడు ఆకివీడాయన. రాజుగారు మూడువందలూ తలచుకుని, రాగి కదా, చింతపండుతో తోమితే శుద్ధి అవుతుందన్నారు. మూడు రూపాయల పెట్టెకి మాత్రం శాస్త్రంలో ఏ శుద్ధీ దొరకలేదు.

అలా యాకోబు గృహప్రవేశం తర్వాత మొట్టమొదటిసారి ఆ ఇంటి వీధిగుమ్మంలోంచి, పట్టపగలు, అందరి మధ్యనుంచి లోపలికి నడిచాడు. పెట్టె విప్పి మరమేకులు జేబులో వేసుకున్నాడు. అమ్మగారు గుమ్మంలో నిలబడ్డారు.

"సంతకం సరిగ్గా ఉందా? మా అబ్బాయి కోపంలో సగమే రాస్తాడు, చూసుకో."

"ఉందండమ్మగారండి. నా మూలాన మీకు..."

"నీ మూలాన నాలుగురోజులు హాయిగా నీళ్ళు పోసుకున్నాను. కాగితం తడవనీకు. వెళ్ళు."

యాకోబు కాగితం చొక్కా లోపల పెట్టుకుని, పెట్టె చంకన పెట్టుకుని వీధిలోకొచ్చాడు. పర్మిట్ వచ్చేసినట్టే. అయినా ఏడుపు ఆగలేదు, నడివీధిలో నిలబడి ఏడ్చాడు. వెనక స్నానాలగదిలో వంటాయన అప్పటికే చింతపండు పెట్టి, యాకోబు చెయ్యి పడ్డచోటల్లా కసిగా తోముతున్నాడు.