అమావాస్యకే వేసుకున్న కంటి మందు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కూర్చునే ఎదురింటి అరుగు మీద పాకే చీమ ఆడదో మగదో చెప్పేవాడని నేను ఊరంతా చాటేవాణ్ణి. అలాంటి మనిషి పంతొమ్మిది వందల తొంభైల చివర్లో ఒకసారి, అంచు దగ్గర పోగు తెగిందని కూడా తెలియకుండా బారెడు నేసేశాడు. షావుకారు చీర తిప్పి పంపాడు.

హిందూపురంలో కంటి డాక్టరమ్మకు చూపించాం.

"కంట్లో ఒత్తిడి పెరిగింది పెద్దాయనా. నరం దెబ్బతింటాండాది. పోయిన చూపు రాదు. ఉన్నదన్నా నిలవాలంటే పొద్దునా సాయంత్రం ఈ చుక్కలు వేసుకోవాల. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండిందా?"

"మాయమ్మకు నడివయసులోనే చూపు పోయిండె" అన్నాడు నాయన.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "అయితే నువ్వూ చూపించుకోవాలప్పా."

"నాకేం, గద్ద కళ్లు" అన్నాను.

అప్పటి నుంచి నెలనెలా హిందూపురం ప్రయాణం. నాకు పెనుకొండలో ఉద్యోగం. నాయన ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కితే నేను పెనుకొండలో ఎక్కేవాణ్ణి. ఆ రైలు ఎంత నిదానమంటే, దాంతో పాటు బయల్దేరిన గొర్రెల మంద ముందే చేరి, మేసి, నెమరేస్తూ మాకోసం ఎదురుచూసేది. ఆయన కిటికీలోంచి కొండను చూస్తూ, "బురుజు మీద రాళ్లు గూడా కనపడ్తాండాయి" అనేవాడు. పక్కనే ఆనుకుని కూర్చున్న నేను మాత్రం కనిపించేవాణ్ణి కాదు. ఎదురుగా వచ్చి నిలబడితే అప్పుడు, "ఎప్పుడెక్కినావప్పా?" అనేవాడు.

డాక్టరమ్మ కొలిచిన ప్రతిసారీ ఒత్తిడి బుద్ధిమంతుడిలా తగ్గి ఉండేది. చూపు మాత్రం పక్కల నుంచి ముడుచుకుంటూనే వచ్చింది. ఆమెకు అంతుపట్టలేదు. నాయన మాత్రం ఫస్టుక్లాసులో పాసైనవాడిలా మీసం దువ్వుకునేవాడు.

ఒక నెల ఆమె ఊరికి వెళ్లాల్సి ఉండి, మమ్మల్ని ముందే రమ్మంది. కొలిచింది. మళ్లీ కొలిచింది.

"ఇంత పెరిగిందేమి? మందు వేసుకోలేదా?"

"అమావాస్య ఇంకా రాలేదు కదమ్మా" అన్నాడు నాయన, ఆమెకే తెలివి లేనట్టు.

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు. నేను సెలవు పెట్టి హిందూపురం వచ్చేదీ ఆరోజే.

"చుక్క పడితే చానాసేపు జరీ, పట్టు ఒకటే మాదిరి కనపడ్తాయి. మగ్గం మీద వేసుకుంటే చీర నేస్తానా, గోనెసంచి నేస్తానా? అందుకే నెలంతటిదీ ఆ పొద్దే పోసుకుంటా."

చిత్రావతికి వరదొచ్చినట్టు పోసుకునేవాడట. ఆ తడి ఆరకముందే కొలిపించుకునేవాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకా ఏదో మిగిలుందనుకునేవాళ్లం. దీపం ఆర్పేసి, కుర్చీ నావైపు తిప్పింది. "కూర్చో." గద్ద కళ్లలోనూ ఒత్తిడి ఎక్కువే.

తిరుగు ప్రయాణంలో నాయన కిటికీకి మొహం ఆనించి అడిగాడు: "పెనుకొండ వచ్చినట్లుండాదే. కొండ యాడప్పా?"

కొండ ఆయన ఎదురుగానే ఉంది.

ఆ తర్వాత మగ్గం ఇచ్చేశాం. ఇప్పుడాయన మందు ఒక్క పూట తప్పడు. నేను ఇంటికెళ్లినప్పుడు ఇద్దరం అరుగు మీద తలలు వెనక్కి వాల్చి పక్కపక్కనే కూర్చుంటాం. అమ్మ నాకు వేస్తుంది. ఆయన తనంతట తానే వేసుకుంటానంటాడు. చుక్క చెంప మీద పడుతుంది.

"పడిందా?"

"పడిందిలే" అంటుంది అమ్మ, కొంగుతో తుడుస్తూ.